ఏట్లో కాలు పెట్టేముందు

"గన్‌పౌడర్ ఫాల్స్ చూద్దువుగాని రావోయ్" అని మా బావగారు పిలిచినప్పుడు జలపాతమే చూడబోతున్నాననుకొన్నాను. ఫాల్స్ అంటే జలపాతమనే కదా మనం చదువుకొన్నది! తుంపర మీద పడితే తుడుచుకోవడానికి తువ్వాలు కూడా భుజాన వేసుకొని బయలుదేరాను. తీరా వెళ్ళి చూస్తే, చెట్ల నీడలో మన పంటకాలువంత వెడల్పున, పెద్దగా చప్పుడు లేకుండా పారుతున్న ఒక ఏరు కనిపించింది.

"జలపాతం ఇంకా ఎంత దూరం బావగారూ?" అన్నాను.

"ఇదేనోయ్ మాస్టారూ!" అని ఆయన నవ్వారు.

మేరీలాండు రాష్ట్రంలో ఆ చుట్టుపక్కల వాడుకలో ఫాల్స్ అంటే ఏరేనట. గన్‌పౌడర్ అంటే తుపాకిమందు. అక్కడ జలపాతమూ లేదు, తుపాకిమందూ లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అందామంటే అదీ కుదరదు. ఊరు దిబ్బ కాదు, చాలా అందమైన చోటు.

కిందటి వేసవి సెలవుల్లో ఆరు వారాలు మా అక్కా బావగార్ల ఇంట్లో ఉన్నాను. బాల్టిమోరు నగరానికి ఉత్తరంగా ఉన్నదీ ఏరు. ఎగువను ప్రెటీబాయ్ అనే జలాశయం, దిగువను లాక్‌రేవెన్ అనే జలాశయం. రెండూ బాల్టిమోరు వాసుల మంచినీళ్ళ కోసం కట్టినవే. ప్రెటీబాయ్ అన్నది ఒక గుర్రప్పిల్ల పేరట. వెనకటికి ఎవరో రైతు ముద్దుగా పెంచుకొన్న ఆ గుర్రప్పిల్ల అక్కడి వాగులో పడి పోయిందనీ, వాగుకూ దాని మీద కట్టిన ఆనకట్టకూ ఆ పేరే మిగిలిందనీ చెప్పుకొంటారు. ఏరు కాలుజారినవాళ్ళను మరిచిపోయినా, ఒడ్డున ఉన్నవాళ్ళు మరిచిపోరు. ఈ మాట ఎందుకన్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఏటి పక్కనే పాత రైలుదారి ఉన్నది. 1863 నవంబరులో అబ్రహాం లింకన్ గెటిస్‌బర్గ్‌లో ఉపన్యాసం చెప్పడానికి ఈ దారినే రైలులో వెళ్ళాడు. ఇప్పుడు పట్టాలు లేవు. పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, ముసలివాళ్ళు షికారుకు వస్తారు. మంక్‌టన్ అనే ఊళ్ళో పాత స్టేషను మాత్రం ఇంకా నిలిచి ఉన్నది.

ఇక అసలు సంగతికి వస్తాను.

కుటుంబ వివాదం

మా బావగారు సివిల్ ఇంజనీరు. వచ్చే ఏడు రిటైరవుతారు. సిగరెట్టు లేదు, చీట్లపేక లేదు. ఆయనకున్న వ్యసనమల్లా ఒక్కటే - ఏట్లో దిగి గాలం వేయడం. ఆఫీసులో ఎవరో స్నేహితుడు అంటించాడట. అలాగని చేపలు ఇంటికి తెస్తారనుకొనేరు! మా అక్క వంటింట్లో కోడిగుడ్డుకు కూడా ప్రవేశం లేదు. ప్రెటీబాయ్ ఆనకట్ట నుంచి బ్లూమౌంట్ రోడ్డు దాకా ఏడు మైళ్ళ పొడుగునా చట్టమే అటువంటిది: ఏ ట్రౌటు చేప దొరికినా తిరిగి నీళ్ళలో వదిలివేయవలసిందే. ఎర కూడా బతికున్నది పనికిరాదు. దారాలతో, ఈకలతో కట్టిన బొమ్మ ఈగ అయితే సరి. ఆ మాత్రం భాగ్యానికి లైసెన్సు కొనాలి, దానిపైన ట్రౌటు స్టాంపు కొనాలి.

"పట్టిన చేపను వదిలేయడానికా బావగారూ ఇంత ముస్తాబు?" అని అడిగాను.

"నువ్వు ఏడాదంతా పాఠాలు చెప్పి, పిల్లల్ని ఏడాది చివర వదిలేయడం లేదూ?" అన్నారు.

నా దగ్గర జవాబు లేకపోయింది.

అయితే కిందటి అక్టోబరులో ఆయన ఏట్లో జారిపడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు పట్టీతో ఉన్నారు. ఆనాటి నుంచీ ఇంట్లో వివాదం. "ఆ బూట్లు పారేస్తారా, నన్ను పారేయమంటారా?" అని మా అక్క. "పడ్డది నా తప్పు కాదు, బూట్ల తప్పు" అని బావగారు. నేను విమానం దిగి రెండు రోజులు కాకుండానే, "నువ్వైనా చెప్పరా, నువ్వు పదిమందికీ చెప్పేవాడివి" అని అక్క నన్ను న్యాయమూర్తిని చేసింది. తెలుగులో ఎం.ఏ. చదివినవాడికి బూట్ల సంగతి ఏం తెలుస్తుంది? అయినా తీర్పు చెప్పేముందు సాక్ష్యం వినాలి కదా. గరాజులోకి వెళ్ళాం.

మూడు జతల సాక్ష్యం

అక్కడ గోడ వారగా మూడు జతల బూట్లు వరసగా ఉన్నాయి. బావగారు మొదటి జత తిరగవేసి చూపించారు. అడుగున వేలి మందాన, కంబళిని నొక్కి నొక్కి దట్టించినట్టున్న పొర. దాన్ని ఫెల్ట్ అంటారు. ఏట్లో దిగేవాళ్ళు దశాబ్దాల తరబడి దీనికి సాటి లేదనేవారు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. మన రేవు మెట్ల మీద పాచి ఎలా ఉంటుందో మీకు తెలుసు. రాయి మీద నేరుగా కాలు ఆనదు. రాతికీ కాలికీ నడుమ జిగురులాంటి పొర ఒకటి ఉంటుంది. నున్నటి తోలు బూటు వేసుకొంటే ఆ పొర మీద తేలిపోయినట్టే. ఫెల్ట్‌లోని వేలకొద్దీ పోగులు ఆ జిగురులోకి దూరి, రాతి గరుకును తడిమి పట్టుకొంటాయి. కాబట్టి తడిసిన నున్నని గుండ్రాళ్ళ మీద దాని పట్టే పట్టు. అయితే ఒడ్డుకు వచ్చాక అదే ఫెల్ట్ బురదలోనూ తడి గడ్డి మీదా జారుతుంది. మంచులో నడిస్తే అడుగున ముద్దలు కట్టి, మనిషిని పొడుగు చేసి మరీ పడవేస్తుంది.

రెండో జత అడుగు రబ్బరు. మెత్తని రబ్బరు, లోతైన గాడులు. గట్టున నడవడానికి దివ్యంగా ఉంటుంది. బురద, గడ్డి, కొండదారి - దేనికైనా సరే. కాని పాచి రాయి మీద గాడులు చేయగలిగింది తక్కువ. రాతికి ఆనే చోటు తగ్గిపోతుంది. జిగురు పొరను చీల్చేది అందులో ఏమీ లేదు. బావగారు అక్టోబరులో పడ్డది ఈ జతతోనే.

మూడోది కూడా రబ్బరే. కాని అడుగున మరలతో బిగించిన పదీ పన్నెండు చిన్న చిన్న మొలలు. మొల కొస టంగ్‌స్టన్ కార్బైడు అనే, ఉక్కు కన్న గట్టి పదార్థం. పాచిని గీరి రాతిని కరిచి పట్టుకొంటుంది. ఈ జత కొని నెలయినా ఆయన ఇంకా తొడగలేదు. తొడగలేదని ఆయన చెప్పారు. కాని ముందు గదిలో నున్నటి చెక్క నేల మీద తొమ్మిది అడుగుల పొడుగున రెండు వరసల గీతలున్నవి. "కొలత సరిపోయిందో లేదో చూసుకొన్నా"నని బావగారు మెల్లగా ఒప్పుకొన్నారు. వివాదానికి ఇది రెండో కారణం.

"మరి మొదటి జత అంత గొప్పదైతే అదే వేసుకోవచ్చు కదా?" అన్నాను.

"అది వేసుకొంటే ఇక్కడ నేరం" అన్నారు.

బూట్ల అడుగుకు చట్టమా! నాకు నమ్మకం కలగలేదు. ఆ కథ ఏట్లోకి వెళ్ళాక చెబుతానన్నారు.

బూట్ల కొట్లో

నేను కూడా నీళ్ళలో దిగాలంటే నాకో జత కావాలి. బావగారి పాదం నా పాదం కన్న రెండు వేళ్ళు పొడుగు. ఎరువు బూట్లతో ఏట్లో దిగకూడదన్నది ఆయన మొదటి సూత్రం. కొట్టుకు తీసుకువెళ్ళారు.

నీళ్ళలో దిగడానికి ముందు వేడర్లు అని ఒక లాగూ తొడుక్కోవాలి. చంకల దాకా వచ్చే, నీరు చొరని లాగూ అది. దాని చివర మందమైన రబ్బరు మేజోడు అంటుకొని ఉంటుంది. బూటు ఆ మేజోడు మీద పడాలి. కాబట్టి మామూలు చెప్పుల నంబరు ఇక్కడ పనికిరాదు. మేజోడు తొడుక్కొని, దానితోనే బూటు వేసుకొని చూడాలి. నాకు తొమ్మిది సరిపోతుందనుకొంటే పది పట్టింది.

కొట్లో ఏటవాలుగా ఒక చెక్క ఉన్నది. దాని మీద కిందికి దిగి చూడమన్నారు. దిగేటప్పుడు బొటనవేలు ముందు తోలుకు తగలకూడదు. ఎక్కేటప్పుడు మడమ లోపల లేవకూడదు. వేళ్ళు లోపల స్వేచ్ఛగా కదలాలి. బిగువైన బూటు గట్టిగా పట్టుకొంటుందనుకోవడం పొరపాటు. బిగిస్తే రక్తం ఆడదు, చల్లని నీళ్ళలో పాదం మొద్దుబారుతుంది, మొద్దుబారిన పాదానికి రాయి తెలియదు. చీలమండను అన్ని వైపులా గట్టిగా పట్టి ఉంచాలి. రెండు రాళ్ళ సందున పాదం ఇరుక్కొని మెలిపడేది అక్కడే. బూటు వైపుల నీరు కారిపోయే కంతలుండాలి; లేకపోతే ఒడ్డుకు వచ్చాక కాలికో బిందె కట్టుకొని నడిచినట్టుంటుంది.

నడుముకు బిగించే బెల్టు కూడా కొన్నాం. ఇది అలంకారం కాదు. పడినప్పుడు లాగూలోకి నీరు బుడబుడా దిగకుండా ఆపేది ఇదే. వేడర్లలో నీరు నిండితే మనిషిని రాయిలా అడుక్కు లాగుతుందని పాతకాలంలో భయపడేవారు. లీ వుల్ఫ్ అనే ప్రసిద్ధ గాలగాడు 1940 ల దశకంలో వేడర్లతోనే వంతెన మీద నుంచి దూకి, ఈది బయటికి వచ్చి, ఆ భయం తప్పని చూపించాడట. నిజమే, నీళ్ళలో ఉన్న నీటికి బరువు లేదు. కాని ఒడ్డెక్కబోయినప్పుడు ఆ నీరంతా బరువే. అందుకే బెల్టు.

ఆ తరువాత చేతికర్ర. నేను నవ్వబోయాను. నలభై అయిదేళ్ళకే చేతికర్రా! బావగారు నవ్వలేదు. "కిందటి అక్టోబరులో నేనూ నవ్వాను" అన్నారు.

పాచి చేసిన ప్రయాణం

మే నెలాఖరు. సాయంత్రం అయిదు గంటల వేళ ముగ్గురం ఏటికి వెళ్ళాం. అక్క మడతకుర్చీ, ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకొన్నది. "నేను ఒడ్డునే కూర్చుంటాను. మీ బావగారు పడితే చూడడానికి" అన్నది. నవ్వుతూ అన్నది కాదు.

ఏటికి దిగే దారి మొదట్లో ఒక పలక ఉన్నది: బూట్లు శుభ్రం చేసుకొని దిగండి, శుభ్రం చేసుకొని వెళ్ళండి అని. ఇటువంటి రేవుల్లో కొన్నిచోట్ల ఉప్పునీళ్ళ తొట్లు కూడా పెట్టారు. చేపలు పట్టేవాళ్ళు బూట్లను అందులో ముంచి తోముకోవాలి. అక్కడ బావగారు మిగిలిన కథ చెప్పారు.

డిడిమో అని ఒక పాచి ఉన్నది. ఒక్కొక్కటి ఒకే ఒక కణం, కంటికి కనబడదు. గాజులాంటి పెంకు దానికి. చల్లని, తేటనీళ్ళున్న ఏళ్ళలో అది రాళ్ళకు అంటుకొని సన్నని కాడలు వేస్తుంది. కాడ మీద కాడ అల్లుకొని, చివరకు అడుగంతా మురికి కంబళి కప్పినట్టు చేస్తుంది. రాతి చీమిడి అని దానికో ముద్దుపేరు. చేపలు తినే పురుగులు ఆ కంబళి కింద చిక్కుకుపోతాయి.

2004 లో న్యూజీలాండు దక్షిణ ద్వీపంలో ఒక నదిలో అది కనిపించింది. అక్కడి నుంచి ఆ ద్వీపంలోని మరెన్నో నదులకు పాకింది. పాచికి కాళ్ళు లేవు. కాళ్ళున్నవాళ్ళు మోశారు. ఫెల్ట్‌కు ఏ గుణం ఉన్నదని మెచ్చుకొన్నారో ఆ గుణమే ముప్పు తెచ్చింది. పాచిలోకి దూరి పట్టుకొనే పోగులు, పాచిని కూడా వదలకుండా పట్టుకొంటాయి. పైకి ఆరినట్టున్నా లోపల రోజుల తరబడి తడి ఉంటుంది. ఇవాళ ఒక ఏట్లో దిగి, వచ్చే ఆదివారం మరో ఏట్లో దిగితే, మొదటి ఏటి పాచిని రెండో ఏటికి భద్రంగా అప్పగించినట్టే. 2008 లో న్యూజీలాండు ఫెల్ట్ బూట్లను నిషేధించింది. అదే ఏడు ఈ గన్‌పౌడర్ ఏట్లోనే డిడిమో బయటపడింది. 2011 మార్చి నుంచి మేరీలాండులో కూడా నిషేధం వచ్చింది.

అందరూ దీనికి ఒప్పుకొన్నారనుకోకండి. వెర్మాంట్ రాష్ట్రం 2011 లోనే నిషేధించి, 2016 లో ఎత్తివేసింది. ఈ పాచి కొన్నిచోట్ల ముందునుంచీ ఉన్నదే, నీటిలో భాస్వరం బాగా తగ్గినప్పుడే విజృంభిస్తుంది అని వాదించే శాస్త్రజ్ఞులున్నారు. ఆ వాదంలో బలమున్నది. కాని బూటు మోసేది పాచిని ఒక్కదాన్నే కాదు. 2017 లో ఇదే ఏట్లో న్యూజీలాండు బురదనత్త కనబడింది. గట్టిగా అగ్గిపుల్ల తలంత ఉండదు. దానికి సంతానం కలగడానికి మగనత్త అవసరమే లేదు. బూటు మడతలో ఒక్కటి చేరితే చాలు, కొత్త ఏట్లో వంశం స్థిరపడుతుంది.

"అంటే, ఏటి కోసం మీరు మీ పట్టు వదులుకొన్నారన్న మాట" అన్నాను.

"వదులుకోమంటే పదేళ్ళు గొణిగాను. పొరుగున పెన్సిల్వేనియాలో ఫెల్ట్‌కు అభ్యంతరం లేదు. ఆ బూట్లు వేసుకోవడానికి అంత దూరం కారు వేసుకువెళ్ళేవాణ్ణి" అని ఆయన ఒప్పుకొన్నారు.

ఏట్లో

నీళ్ళలో కాలు పెట్టగానే లాగూ మీంచి కూడా చలి తెలిసింది. ఆనకట్ట అడుగు నుంచి వదిలే నీరు కాబట్టి ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటుంది. ఆ చల్లదనం వల్లనే ఇక్కడ ట్రౌటు బతుకుతున్నది. 1980 ల దశకంలో, ఎంత తక్కువన్నా ఇంత నీరు ఏటికి వదలాలని ఒప్పందం కుదిరిన తరువాతనే ఈ ఏరు మళ్ళీ కళ్ళు తెరిచింది.

మన గోదావరి మీద వల వేసేవాళ్ళు ఉత్తకాళ్ళతో దిగుతారు. వేళ్ళు విప్పి, రాతిని వేళ్ళతో పట్టుకొని నడుస్తారు. ఆ పాదాలకు తెలిసిన విద్య ఏ బూటుకూ రాదు. కాని ఈ చలికి ఉత్తకాలు కాసేపు కూడా ఆగదు. కాబట్టి పాదం నేర్చిన విద్యను బూటుతో చేయించాలి.

బావగారు పాఠం మొదలు పెట్టారు. ప్రవాహానికి ఎదురుగా కాని, వీపు పెట్టి కాని నడవకూడదు. పక్కకు తిరగాలి, సన్నగా ఉన్న వైపు నీటికి చూపించాలి. కర్ర ఎగువ వైపు ఆనించాలి. రెండు కాళ్ళు, ఒక కర్ర - మూడింటిలో ఒకసారి ఒక్కటే కదలాలి. కాలు ఎత్తి వేయకూడదు. అడుగున తడుముతూ జరపాలి. కాలు మీద కాలు దాటకూడదు. రాతి నెత్తిన కాదు, రాతికీ రాతికీ నడుమ ఉన్న గులకల మీద అడుగు వేయాలి. లేతరంగుగా కనిపించేది సాధారణంగా గులకనేల. నల్లగా నిగనిగలాడేది పాచిరాయి. నీటి మీది మెరుపును కోసివేసే నల్లకళ్ళజోడు పెట్టుకొన్నది ఇందుకే, షోకుకు కాదు.

"నీటి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది" అన్నారు. ఇంజనీరు కదా. అక్కడి ప్రభుత్వ జలశాఖలో ఏళ్ళు కొలిచేవాళ్ళకు ఒక లెక్క ఉన్నదట. లోతు అడుగుల్లో, వేగం సెకనుకు ఇన్ని అడుగులని చూసి, రెండూ గుణించాలి. పదికి చేరితే దిగకూడదు. రెండడుగుల లోతులో సెకనుకు అయిదడుగుల వేగం ఉంటే చాలు, పది. మోకాలు దాటిన నీళ్ళేనని చులకన చేయరాదు. ఏట్లో ఆ రోజు ఎంత నీరున్నదో ఇల్లు కదలకుండానే ఫోనులో చూసుకోవచ్చు.

నేను మొలల బూట్లలో తడుముకొంటూ ఏటి నడిమికి వెళ్ళాను. అడుగు వేసినప్పుడల్లా రాతి మీద మొల కరకరమన్నది. ఆ చప్పుడు వింటుంటే ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చాక మనిషి చేసే పని ఏమిటి? కర్రను చంకన పెట్టుకొని, ఫోను తీసి అక్కకు ఫొటో తీయబోయాను. కుడికాలు ఒక నున్నటి పలకరాతి మీద పడింది. మొల కిర్రుమని గీరింది, పట్టలేదు. ఒక్క క్షణం నేల లేదు. అంతలో కర్ర జారి నీళ్ళకు తగిలింది. ఎలాగో దాన్ని అందుకొని, రెండు చేతులతో ఆనుకొని నిలబడ్డాను.

"ఎంత మొల అయినా చదును పలకమీద స్కేటింగే!" అని బావగారు ఎగువ నుంచి కేకేశారు. "బూటు నిన్ను పడకుండా ఆపదోయ్. పడేముందు ఒక క్షణం గడువిస్తుంది. ఆ క్షణంలో పని చేయవలసింది కర్ర."

ఒకవేళ పడితే వెల్లకిలా తేలి, కాళ్ళు దిగువకు చాచి, లోతు తగ్గే దాకా ఏరు తీసుకుపోయినట్టు పోవాలి. నడి ప్రవాహంలో లేచి నిలబడబోతే పాదం రాళ్ళలో ఇరుక్కొంటుంది. ఇది కూడా చెప్పారు. కాని నాకు ఆ మాటలు సరిగా వినబడలేదు. ఒడ్డున అక్క కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నది. కాఫీ కప్పు కింద పడి ఉన్నది.

ఒడ్డున

ఒడ్డుకు వచ్చి అక్క పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. ఇద్దరికీ ఒకే రేవు కళ్ళ ముందుకు వచ్చింది.

1994 కార్తీకమాసం. రాజమహేంద్రవరం. మా నాన్నగారు తెల్లవారుజామున గోదావరి స్నానానికి దిగారు. పుట్టింటికి వచ్చిన అక్క, అరటిదొప్పలో దీపం పెట్టుకొని ఆయన వెనకాలే నిలబడి ఉన్నది. ఆయన ముప్పై ఏళ్ళుగా దిగిన మెట్లే. నీళ్ళ కింద మెట్టు మీద పాచి. తుంటి ఎముక విరిగింది. ఆ తరువాత ఆయన తొమ్మిదేళ్ళు బతికారు. కాని మళ్ళీ రేవు మెట్లు దిగలేదు, మేము దిగనివ్వలేదు. అక్క వచ్చినప్పుడల్లా చెంబుతో గోదావరి నీళ్ళు తెచ్చి అరుగు మీద ఆయన కాళ్ళ మీద పోసేది. "ఏరే మనింటికి వచ్చిందమ్మా" అనేవారు. నవ్వుతూనే అనేవారు.

"మీ బావగారిని మానిపించమని నిన్ను అడిగాను కదరా" అన్నది అక్క, ఏటివైపు చూస్తూనే. "మానిపించకు. నాన్నను ఇంట్లో కూర్చోబెట్టి మనం ఏం చూశాం? కాని మళ్ళీ నా కళ్ళ ముందు ఎవరూ పడకూడదు."

పొద్దు వాలింది. నీటి మీదికి చిన్న చిన్న పసుపుపచ్చని పురుగులు లేచాయి. వాటిని సల్ఫర్లంటారట. చేపలు అక్కడక్కడ పైకి వచ్చి నోరు తెరిచి, నీటి మీద గుండ్రాలు గీసి వెళుతున్నాయి. బావగారి గాలానికి ఒకటి పడింది. జానెడున్న బ్రౌన్ ట్రౌటు, ఒంటినిండా చుక్కలు. చెయ్యి తడిచేసుకొని దాన్ని పట్టుకొని, కొక్కెం తీసి, నీళ్ళలో ఉంచి కాసేపు పట్టి ఉంచారు. అది తోక ఆడించి వెళ్ళిపోయింది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గాలం. పక్కకు తిరిగి, తడుముకొంటూ, ఒకసారి ఒక్కటే కదుపుతూ ఆయన ఒడ్డుకు రావడం అక్క కన్నార్పకుండా చూసింది.

కారెక్కేముందు నేను తీర్పు చెప్పాను. మొలల బూట్లు ఉంచుకోవచ్చు. ముందు గదిలో మాత్రం తొడగరాదు. కర్ర, బెల్టు లేకుండా దిగరాదు. ఒంటరిగా వెళ్ళరాదు. లెక్క పదికి చేరిన రోజున ఒడ్డున కూర్చుని కాఫీ తాగవలెను. మొదటి షరతు మినహా అన్నింటికీ బావగారు వెంటనే ఒప్పుకొన్నారు.

ఇంటికి వచ్చాక ఇంకో పని ఉన్నది. బూట్లను గట్టి బ్రష్షుతో తోమి, మొలల చుట్టూ ఇరుక్కొన్న మన్ను పుల్లతో తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, ఎండలో ఆరవేయాలి. ఉప్పునీళ్ళకు పాచి చచ్చినా బురదనత్త లొంగదట. దానికి వేడినీళ్ళు కావాలి, కాకపోతే గడ్డకట్టే చలి కావాలి. అందుకని బావగారు ఒక్కొక్కప్పుడు బూట్లను సంచిలో కట్టి ఒక రాత్రంతా ఫ్రీజరులో పెడతారు. గరాజులో దానికి వేరే ఫ్రీజరున్నది. అది వేరే ఎందుకు కొనవలసి వచ్చిందో, మా అక్క వంటింటి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

బూట్లు తోముతూ కూర్చున్న నన్ను చూసి అక్క అన్నది: "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నువ్వే కదరా క్లాసులో చెబుతావు?"

నిజమే, ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. తొక్కవద్దు అనే అర్థంలోనే చెబుతున్నాను. ఈ ఏడు సెలవులయ్యాక కాలేజీకి వెళ్ళి, దాని పక్కనే ఇంకొక అర్థం కూడా చెప్పాను: తొక్కక తప్పనివాడు రెండుసార్లు కడుక్కోవాలి, దిగేముందు ఒకసారి ఏటి కోసం, ఎక్కాక ఒకసారి తరువాతి ఏటి కోసం. పరీక్షలో ఎవరైనా అలా రాస్తే మార్కులు వేస్తాననీ చెప్పాను.

మొన్న కార్తీకమాసంలో అక్క ఫోను చేసింది. బావగారు శనివారం ఏటికి వెళ్ళారట, కర్ర మరిచిపోలేదట, తను కుర్చీలోంచి ఒక్కసారే లేచిందట. ఆ తరువాత కాసేపు ఆగి, "రేవుకు వెళుతున్నావా?" అని అడిగింది.

వెళుతున్నానన్నాను. ఒక చేత్తో గొలుసు పట్టుకొని, పక్కకు తిరిగి, కాలు ఎత్తకుండా తడుముకొంటూ దిగుతున్నానని చెప్పాను.